పీకా, బొటనవేలా, పాలసీసానా? పాపాయి పళ్ళకు ఏది తక్కువ చేటు

మా పెద్దమ్మాయికి నాలుగేళ్ళప్పుడు ఒక సాయంత్రం జంతిక ఇస్తే, దాన్ని నోటి పక్కకు తిప్పి దవడ పళ్ళతో కొరుకుతోంది. ముందు పళ్ళతో కొరకవే అంటే "రావట్లేదమ్మా" అంది. పళ్ళు కరిచిపెట్టి చూపించమన్నాను. వెనక పళ్ళు ఒకదానికొకటి ఆనాయి గానీ, ముందర పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య నా చిటికెన వేలి కొస పట్టేంత సందు ఉంది. తన కుడి బొటనవేలు ఆ సందులో అచ్చు పోసినట్టు సరిపోయింది. మూడో నెల నుంచి చీకుతున్న వేలు అది. కణుపు మీద కాయ కాసి, గోరు చుట్టూ చర్మం ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉండేది.

అందుకే రెండోవాడు పుట్టినప్పుడు ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. పీక అలవాటు చేస్తే ఎత్తు పళ్ళు వస్తాయని మా అత్తయ్య భయం. "మా పిల్లల డాక్టరే పీక పెట్టమన్నారు వదినా" అని అమెరికా నుంచి మా ఆడపడుచు ఫోన్. నాకైతే మళ్ళీ వేలు నోట్లోకి పోతుందేమోనని టెన్షన్. ముగ్గురి మాటలోనూ నిజం ఉందని తర్వాత తెలిసింది. అప్పుడు డాక్టర్లను అడిగి, చదివి, ఇద్దరు పిల్లలతో పడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పీక అంటే ఇక్కడ పాలు రాని ఉత్త పీక. మెడికల్ షాపులో నిప్పల్ అని, ఆన్‌లైన్‌లో పాసిఫైయర్ లేదా సూదర్ అని దొరికేది అదే.

## ముందుగా ఏమేం చూసుకోవాలి

చీకడం చెడ్డ అలవాటని మొదట్నుంచే అనుకోకండి. కడుపులో ఉండగానే బిడ్డ వేలు చీకడం స్కానింగ్‌లో కనిపిస్తుంది. ఆకలి తీరాక కూడా చీకాలనిపించడం పసివాళ్ళకు సహజం. కాబట్టి ఏదో ఒకటి నోట్లోకి వెళ్తుంది, లేదా చేతుల మీద ఊపుతూ తిరగాల్సి వస్తుంది. ఏ దారి పట్టినా ఈ నాలుగు సంగతులు చూసుకోవాలి.

రోజుకు ఎన్ని గంటలు, ఏ వయసు దాకా. పన్ను కదలడానికి గట్టి బలం అక్కర్లేదు. చిన్న ఒత్తిడైనా గంటల తరబడి ఉంటే చాలు, పళ్ళకు వేసే క్లిప్పులు పనిచేసేదీ అలాగే. రోజు మొత్తం మీద సుమారు 6 గంటలు దాటితే పళ్ళు కదిలే అవకాశం ఎక్కువని పళ్ళ వరుస సరిచేసే డాక్టర్ల లెక్క. నిద్ర పట్టేదాకా పది నిమిషాలు చీకే పిల్లకీ, రాత్రంతా నోట్లో పెట్టుకునే పిల్లకీ తేడా అక్కడే వస్తుంది.

దవడ సంగతి కూడా చెప్పాలి. నోరు మూసుకుని ఉన్నప్పుడు నాలుక పైకి, అంగిలికి ఆనుకుని ఉంటుంది. లోపల్నుంచి నాలుక, బయట్నుంచి బుగ్గలు, రెండూ సమంగా పట్టి ఉంచితేనే పై దవడ సరైన వెడల్పులో పెరుగుతుంది. నోట్లో పీకో వేలో ఉంటే నాలుక కిందికి జారుతుంది, చీకుతున్నప్పుడు బుగ్గలు లోపలికి నొక్కుతాయి. అలా ఏళ్ళ తరబడి సాగితే పై దవడ ఇరుకై, పక్క పళ్ళు కింది పళ్ళకు లోపలి వైపు కూర్చుంటాయి. దీన్ని క్రాస్ బైట్ అంటారు. మా అమ్మాయికి వచ్చిన ముందు సందును ఓపెన్ బైట్ అంటారు. అలవాటు త్వరగా మానేస్తే ఈ ముందు సందు చాలామందిలో తనంతట తాను పూడుకుంటుంది. క్రాస్ బైట్ అంత తేలిగ్గా సర్దుకోదు. కంటికి కనిపించని ఈ రెండోదానికే డాక్టర్లు ఎక్కువ భయపడతారు.

పంటికి తీపి తగులుతోందా. పళ్ళ వరుస వేరు, పిప్పి పళ్ళు వేరు. శుభ్రమైన ఉత్త పీక వల్ల పళ్ళు పుచ్చవు. దాన్ని తేనెలోనో పంచదార నీళ్ళలోనో ముంచితే మాత్రం పుచ్చుతాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి, అప్పుడు పంటి మీద ఉండిపోయిన తీపిని కడిగేవాళ్ళు ఉండరు.

మనం తీసేయగలమా. పీకను తీసి దాచేయొచ్చు. వేలును దాచలేం. నా అనుభవంలో మిగతా అన్నిటికంటే బరువైన సంగతి ఇదే.

పళ్ళు కాక మిగతావి. తల్లిపాలు కుదరడం, చెవి ఇన్ఫెక్షన్లు, శుభ్రత, గొంతుకు అడ్డం పడే ప్రమాదం లాంటివి.

| | ఉత్త పీక | బొటనవేలు | నిద్రలో పాలసీసా | రాత్రి తల్లిపాలు | జోల, ఉయ్యాల |
|---|---|---|---|---|---|
| పళ్ళ వరుస | 2 ఏళ్ళలోపు మానేస్తే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ | అదే చేటు, పైగా ఏళ్ళ తరబడి సాగుతుంది | ఎక్కువకాలం వాడితే ఉంది | మేలు చేస్తుంది | ఏమీ లేదు |
| పిప్పి పళ్ళు | తీపి రాయకపోతే లేదు | లేదు | చాలా ఎక్కువ | ఏడాది దాటాక రాత్రంతా తాగితే జాగ్రత్త | లేదు |
| మాన్పించడం | మన చేతిలో పని | పిల్ల చేతిలో పని | కష్టమే, కానీ సాధ్యం | తల్లీబిడ్డల ఇష్టం | నెమ్మదిగా తగ్గుతుంది |
| మిగతా చిక్కులు | చెవి ఇన్ఫెక్షన్, శుభ్రత | మట్టి చేతులు, కాయ కాయడం | విరేచనాలు, చెవి ఇన్ఫెక్షన్ | తల్లికి నిద్ర లేకపోవడం | పెద్దవాళ్ళకు శ్రమ |

## ఉత్త పీక

మొదట మా ఆడపడుచు మాట. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పగటి కునుకుకూ రాత్రి నిద్రకూ పీక ఇవ్వమని చెప్పేది పళ్ళ కోసం కాదు. ఏ కారణమూ తెలియకుండా పసిబిడ్డ నిద్రలోనే చనిపోయే ప్రమాదం పీక ఇచ్చిన పిల్లల్లో తక్కువగా కనిపించింది. ఆ ముప్పు ఎక్కువగా ఉండేది మొదటి ఏడాదిలో. తల్లిపాలు తాగే బిడ్డయితే పాలు బాగా కుదిరేదాకా ఆగమని కూడా వాళ్ళే అంటారు, మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. నిద్రలో నోట్లోంచి జారిపోతే మళ్ళీ పెట్టక్కర్లేదు.

అత్తయ్య మాట కూడా నిజమే, కాకపోతే అది వయసును బట్టి ఉంటుంది. పిల్లల పళ్ళ డాక్టర్లు మూడేళ్ళు నిండేలోపు ఏ చీకుడు అలవాటైనా మాన్పించమంటారు. క్రాస్ బైట్‌ను దృష్టిలో పెట్టుకుంటే రెండేళ్ళు ఇంకా మంచి గడువు. ఆరు నెలలు దాటాక రోజంతా పీక వాడే పిల్లల్లో చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువ కాబట్టి అప్పట్నుంచే నిద్రకు మాత్రమే పరిమితం చేస్తే చాలా భాగం గెలిచినట్టే.

పీక ఆకారం గురించి షాపులో చాలా చెప్తారు. గుండ్రటి బుడిపె ఉన్నది ఒకటి, ఒక వైపు చదునుగా ఉండి ఆర్థోడాంటిక్ అని రాసినది ఇంకొకటి. ఈ రెండో రకం 1950లలో జర్మనీలో మొదలైంది. నోట్లో తక్కువ చోటు పట్టేలా, మెడ సన్నగా ఉండే పీక కొంత నయం కావచ్చు. ఆ పేరు చూసి నాలుగేళ్ళ దాకా ధీమాగా వాడొచ్చనుకుంటే మాత్రం తప్పు. ఏ ఆకారమైనా గంటల లెక్క ఒకటే. డబ్బు ఎక్కువ పెట్టాలంటే ఆకారం మీద కాకుండా ఒకే ముక్కగా పోసిన సిలికాన్ పీక మీద పెట్టండి. రెండు ముక్కలు అతికించినది ఊడి గొంతుకు అడ్డం పడొచ్చు. పెదాల మీద ఆనే పళ్ళెం నోట్లోకి జారిపోనంత వెడల్పు ఉండాలి, గాలి ఆడే రంధ్రాలు ఉండాలి. జిగురుగా మారినా, పంటి గాటు పడినా, లాగితే చీలిక కనిపించినా అదే రోజు పారేయండి.

ఇక మన ఇళ్ళలో జరిగే మూడు పొరపాట్లు. మొదటిది, కింద పడేసుకోకుండా పీకకు దారం కట్టి మెడలో వేయడం. ఆ దారం మెడకు బిగుసుకోవచ్చు. మొలతాడుకు కట్టడం కూడా వద్దు. రెండోది, కింద పడిన పీకను అమ్మ తన నోట్లో చప్పరించి బిడ్డ నోట్లో పెట్టడం. పళ్ళు పుచ్చే క్రిములు చాలామంది పిల్లలకు పెద్దవాళ్ళ ఉమ్మి నుంచే అందుతాయి. ఇంకొకటి ఉంచుకుని మార్చండి. ఆరు నెలల్లోపు పిల్లల పీకను రోజూ ఐదు నిమిషాలు మరిగించండి.

మూడోది తేనె. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదు, పీక మీద రాసినా సరే. తేనెలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసివాళ్ళ పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేస్తాయి, ఆ జబ్బు పేరు బోటులిజం. 2018లో అమెరికాలోని టెక్సస్‌లో తేనె నింపిన పీకలు వాడిన నలుగురు పసిపిల్లలు ఈ జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు. పెద్దవాళ్ళు ప్రేమతోనే తేనె రాస్తారని తెలుసు, అయినా ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడండి.

## బొటనవేలు

ఖర్చు లేదు, మరిగించక్కర్లేదు, అర్ధరాత్రి మంచం కింద వెతకక్కర్లేదు. బిడ్డ తనంతట తాను నిద్రపోతోందని మేమూ మొదట్లో సంబరపడ్డాం. చాలామంది పిల్లలు రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య వాళ్ళే మానేస్తారు. మానని పిల్లలతోనే చిక్కు. పీక చీకే పిల్లలకంటే వేలు చీకే పిల్లలు ఎక్కువ ఏళ్ళు కొనసాగిస్తారు, బడికి వెళ్ళే వయసు దాకా కూడా. వేలు అంగిలిని, పై ముందు పళ్ళను ముందుకు తోస్తుంది, కింది పళ్ళను వెనక్కి నొక్కుతుంది.

మాన్పించడానికి మన దగ్గర పాత చిట్కాలు చాలా ఉన్నాయి. వేపనూనె రాయడం, మిరప్పొడి అద్దడం, గుడ్డ చుట్టి కట్టేయడం. వేపనూనె మాత్రం అసలు వద్దు. అది కడుపులోకి వెళ్ళి పసిపిల్లలకు ఫిట్స్ వచ్చిన, స్పృహ తప్పిన కేసులు వైద్యుల రికార్డుల్లో ఉన్నాయి. మిరప్పొడి వేలు కళ్ళలోకి వెళ్తుంది. నేను గుడ్డ చుట్టి చూశాను. నా ఎదుట వేలు నోట్లో పెట్టుకునేది కాదు, దుప్పటి కింద మాత్రం గుడ్డ ఊడిపోయి ఉండేది. తిట్టిన రోజు ఇంకా ఎక్కువ చీకేది.

మాకు పనిచేసినవి రెండు. వేలు ఎప్పుడు నోట్లోకి పోతోందో ఒక వారం గమనించాను. టీవీ ముందు, కారులో, నిద్రకు ముందు. టీవీ టైంలో చేతికి చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తీయమనేదాన్ని. రెండోది అద్దం. సందు ఎందుకు వచ్చిందో తనకే చూపించి, క్యాలెండర్ మీద వేలు చీకని ప్రతి రాత్రికీ ఒక చుక్క పెట్టుకోమన్నాను. నాలుగేళ్ళ పిల్లకు ఆ చుక్కలంటే ప్రాణం. మూడు నెలలు పట్టింది. ఏడాది తిరిగేసరికి సందు చాలావరకు పూడింది.

## నిద్రలో పాలసీసా

ఇక్కడ నా సలహా సూటిగా చెప్తాను. పక్క మీద పాలసీసా వద్దు. వేలూ పీకా పళ్ళ వరుసను మారిస్తే, సీసా పళ్ళనే తినేస్తుంది. పంచదార కలిపిన పాలో, బూస్టో, జ్యూసో నోట్లో పెట్టుకుని బిడ్డ నిద్రపోతే ఆ తీపి పై ముందు పళ్ళ చుట్టూ గంటల తరబడి ఉండిపోతుంది. కింది ముందు పళ్ళను నాలుక కప్పి కాపాడుతుంది. అందుకే ఈ పిల్లల్లో పై నాలుగు పళ్ళు నల్లగా అరిగిపోయి, కింది పళ్ళు తెల్లగా ఉంటాయి.

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అంటారు. ఆ ఇరవై పాలపళ్ళలో వెనక దవడ పళ్ళు పది పదకొండేళ్ళ వయసు దాకా నోట్లో ఉండాలి. రాబోయే పళ్ళకు చోటు పట్టి ఉంచేవి అవే. పైగా నొప్పితో అన్నం తినని పిల్లను చూసినవాళ్ళు ఆ మాట మళ్ళీ అనరు.

పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నుంచే చట్టం ఉంది. దానికి కారణం పళ్ళు కాదు, తల్లిపాలు తగ్గడం, సీసా వల్ల వచ్చే విరేచనాలు. సీసా తప్పదనుకుంటే ఒడిలో కూర్చోబెట్టి పట్టి, అయ్యాక తీసేయండి. నిద్రలో కావాలని మారాం చేస్తే రోజుకు కాస్త కాస్త నీళ్ళు కలుపుతూ చివరికి ఉత్త నీళ్ళు చేయండి. ఇది ఏడాది దాటిన పిల్లలకే, పసివాళ్ళ పాలలో నీళ్ళు కలపకూడదు. ఏడాది నిండేసరికి గ్లాసు అలవాటు చేయడం మంచిది. తల్లి పిండి ఇచ్చిన పాలు పట్టడానికి మన ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. అందులో చీకే పనే లేదు, కడగడం తేలిక.

## రాత్రి తల్లిపాలు

దవడ ఎదగడానికి ఇంతకంటే మంచిది లేదు. రొమ్ము తాగేటప్పుడు నాలుక, దవడ కండరాలు సరైన తీరులో పనిచేస్తాయి, తల్లిపాలు ఎక్కువకాలం తాగిన పిల్లల్లో పళ్ళ వరుస తేడాలు తక్కువ. ఏడాది దాకా పిప్పి పళ్ళ నుంచి కూడా రక్షణే. ఏడాది దాటాక పగలు బిస్కెట్లు, చాక్లెట్లు తింటూ, పళ్ళు తోమకుండా, రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉంచుకునే పిల్లల్లో పిప్పి పళ్ళ ముప్పు పెరుగుతుంది. దానికి మందు పాలు మాన్పించడం కాదు. రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రాత్రి పడుకునే ముందు పళ్ళు తోమండి, నిద్ర పట్టాక రొమ్ము తీసేయండి.

## ఏదీ పెట్టకుండా జోల, ఉయ్యాల

పళ్ళకు సంబంధించి ఇది ఉత్తమం, ఇంట్లో మనుషులున్న వాళ్ళకు. చీర ఉయ్యాలలో ఊపడానికి అమ్మమ్మ, జో కొట్టడానికి తాతయ్య ఉంటే పీక ఎందుకు? అయితే ఒంటరిగా ఫ్లాట్‌లో ఇద్దరు పిల్లలతో ఉన్న తల్లిని, రాత్రి మూడింటికి పీక పెట్టిందని తప్పు పట్టడం అన్యాయం. ఉయ్యాలలో పడుకోబెట్టినప్పుడు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, మెడ ముందుకు వంగితే ఊపిరి ఆడదు.

## మీ ఇంటి సంగతిని బట్టి

నెల నిండని బిడ్డ, తల్లిపాలు ఇంకా కుదరలేదు. ఏ పీకా వద్దు. ఏడ్చిన ప్రతిసారీ పీక పెడితే ఆకలి సూచన తప్పిపోతాం, పాలు తగ్గుతాయి.

నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్న బిడ్డ. గొట్టం నుంచి నోటి పాలకు మారడానికి ఉత్త పీక సాయపడుతుంది, ఆసుపత్రి రోజులు కూడా తగ్గుతాయి. డాక్టర్లు పెట్టమంటే పళ్ళ భయంతో వద్దనకండి.

మూడు నాలుగు నెలల బిడ్డ, వేలు వెతుక్కుంటోంది. మా రెండోవాడి స్థితి ఇదే. నేను పీకను ఎంచుకున్నాను, తీసేసే రోజును కూడా అప్పుడే అనుకుని. ఆరో నెల దాటాక పగలు బంద్, రెండో పుట్టినరోజుకు ముందు పూర్తిగా బంద్. ఆ గడువు మీద నిలబడలేమనిపిస్తే పీక మొదలుపెట్టకపోవడమే మంచిది.

క్రెష్‌లో వదిలి ఆఫీసుకు వెళ్ళే తల్లులు. మీ నియమం ఆయమ్మకు కూడా చెప్పండి. ఇంట్లో నిద్రకే ఇచ్చి అక్కడ రోజంతా నోట్లో ఉంటే గంటలు దాటిపోతాయి.

రెండున్నరేళ్ళు, పీక లేనిదే నిద్ర లేదు. ఇంకా ఆలస్యం కాలేదు. పండగ, ప్రయాణం, చెల్లి పుట్టడం లాంటివి లేని వారం చూసుకోండి. మావాడికి ఇరవై రెండో నెలలో ఆపాం. మొదటి రాత్రి గంటసేపు ఏడ్చాడు, రెండో రాత్రి ఇరవై నిమిషాలు. మూడో రాత్రి నా పాత నూలు చీర ముక్క పిడికిట్లో పట్టుకుని, దాని అంచును బుగ్గకు రాసుకుంటూ పడుకున్నాడు. ఆ ముక్క ఇప్పటికీ వాడి దిండు కింద ఉంది.

ఐదేళ్ళు దాటినా వేలు. ముందు వచ్చే శాశ్వత పళ్ళు ఆరేడేళ్ళకు మొదలవుతాయి కాబట్టి పిల్లల పళ్ళ డాక్టరుకు చూపించండి. బుజ్జగింపుతో మానకపోతే అంగిలికి బిగించే చిన్న తీగ అమరిక ఉంటుంది. పిల్లకు మానాలని ఉన్నప్పుడే అది పనిచేస్తుంది.

## ఏది ఎంచుకున్నా చేయాల్సినవి

మొదటి పన్ను సుమారు ఆరో నెలలో వస్తుంది, ఆ రోజు నుంచే తోమడం మొదలు. మూడేళ్ళ దాకా ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోలాగా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో పేస్టు సంగతి డాక్టరును అడిగి నిర్ణయించుకోండి.

నెలకోసారి వెలుతురులో పై పెదవి ఎత్తి చూడండి. చిగురు దగ్గర సుద్ద రాసినట్టు తెల్లని గీత కనిపిస్తే అదే పుచ్చు మొదటి అడుగు. అప్పుడే చూపిస్తే డ్రిల్ లేకుండానే ఆపే వీలుంది. తర్వాత పళ్ళు కరిచిపెట్టమని పక్క నుంచి చూడండి, పై పళ్ళు కింది పళ్ళకు బయటి వైపు ఉండాలి. ఎక్కడైనా లోపలికి పడి ఉంటే, ముందు సందు లేకపోయినా, చూపించాలి. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మంచిది. మా పెద్దమ్మాయిని నాలుగేళ్ళకు గానీ తీసుకెళ్ళలేదు, రెండోవాణ్ణి పదకొండో నెలలో తీసుకెళ్ళాను.